పందొమ్మిదో నంబరు

ఆనందపురం దాటాక బస్సు మలుపు తిరిగే చోట
మూడు గదులు, ఒక వరండా,
రేకులు కప్పిన సైన్సు ల్యాబు.
ల్యాబులో ఒకే ఒక్క మైక్రోస్కోపు,
దానికి అద్దం లేదు.
పదో తరగతిలో ఇరవై ముగ్గురం,
అందరికీ కలిపి నాలుగు కంపాస్ బాక్సులు.
లెక్కల పరీక్ష రోజు వృత్తలేఖిని
బెంచీల కింద నుంచి పాక్కుంటూ వెళ్ళి
అందరి సున్నాలూ తనే గీసిపెట్టేది.

పందొమ్మిదో నంబరు బోని నూకరత్నం.
కోడి కూయకముందే చామంతి తోటలో ఉండేది.
మంచుకి తడిసిన పూలు గోనెల్లోకి ఎత్తి
పూర్ణా మార్కెట్టుకి పోయే మొదటి వ్యానుకి అందించి
ఆ తరవాతే బడి.
రెండో పీరియడు సగంలో
కిటికీలోంచి ముందు సంచి వచ్చేది,
వెనకాల తను.

హాజరు పిలిచేది మొదటి పీరియడులో.
శాతం తగ్గితే పరీక్ష ఫీజు కట్టించుకోనని
హెడ్మాస్టరు తేల్చి చెప్పేశారు.
అందుకని సోషల్ నోట్సు ఆఖరి పేజీలో
మాకో పట్టీ ఉండేది:
సోమవారం దాలమ్మ, మంగళవారం ఎర్రయ్యమ్మ,
బుధవారం మళ్ళీ దాలమ్మే
(అబద్ధమాడితే ఎర్రయ్యమ్మకి ఎక్కిళ్ళు,
వారానికి ఒకటే తట్టుకునేది).
రాసింది చిన్నంనాయుడు.
వాడికి దీర్ఘాలు రావు,
ఊరు అని రాయమంటే ఉరు అని రాస్తాడు.
"పందొమ్మిది" అనగానే
ఎవరో ఒకరు తల దించుకుని "ప్రెజెంట్ సార్".
తాతబాబు మాస్టారు
రిజిస్టరు మీంచి కళ్ళు ఎత్తేవారు కాదు.

మార్గశిరం వచ్చింది.
లక్ష్మివారాలు కనకమహాలక్ష్మి అమ్మవారికి
పట్నం పట్నమంతా పూలు కావాలి.
ఆడపిల్లలందరూ తోటల్లోనే.
లక్ష్మివారం వంతు నాకు పడింది,
గొంతు మారని మగపిల్లాణ్ణి
క్లాసు మొత్తానికి నేనొక్కణ్ణే మరి.

రెండు వారాలు గడిచిపోయాయి.
మూడో వారం గుమ్మంలో ఇన్‌స్పెక్టరు,
నల్లటి బూట్లు, వాటి మీద మా రోడ్డు దుమ్ము.
"పందొమ్మిది."
బెంచీ కింద తల పెట్టి నోరు తెరిచాను.
"ప్రె" దాకా నూకరత్నమే,
"జెంట్" దగ్గర మా తాత.

ఎవరూ నవ్వలేదు. ఎలా ఆపుకున్నారో!
చిన్నంనాయుడు పెన్ను కొరికి
నీలం నాలుకతో అటు తిరిగి కూర్చున్నాడు.
"ఎవరండీ ఆ అమ్మాయి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.
మాస్టారు అప్పుడూ కళ్ళెత్తలేదు.
"పిల్లకి జలుబు చేసిందండీ,
మంచులో పని కదా" అన్నారు.
"ఇరవై" అని పిలిచారు.

ఆ పట్టీలో మేం రాయని పేరు
మరొకటి ఉందని
ఆ పూట తెలిసింది మాకు.

భోజనాల గంటలో సంగతంతా విని
నవ్వి నవ్వి పొలమారింది నూకరత్నానికి.
నలిగిన చామంతి ఒకటి నా జేబులో పడేసి
"ఏటే నూకరత్నం, జలుబు తగ్గినాదా?" అంది.
పరీక్షలయ్యేదాకా నా పేరు అదే.
గొంతు మాత్రం ఆ రోజు పోయింది పోయినట్టే,
మళ్ళీ రాలేదు.

మార్చిలో గ్రూపు ఫోటో.
తగరపువలస నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరుకి
మరో బడికి పోవాలని తొందర.
"రెండో వరసలో సందు మూయండి,
దగ్గరికి జరగండమ్మా" అని మూడుసార్లన్నాడు.
దాలమ్మ జరగలేదు.
ఎర్రయ్యమ్మ జరగలేదు, ఎక్కిళ్ళు కూడా రాలేదు.
కుర్చీలో మాస్టారు రోడ్డు వైపు చూశారు,
వాచీ చూసుకున్నారు,
ఇంకాసేపు చూశారు.
తీసేశాడు.

నా దగ్గరుంది ఆ ఫోటో.
ఇద్దరమ్మాయిల మధ్య వెల్ల వేసిన గోడ,
ఒక మనిషి పట్టేంత.
వెనకాల పేర్లు చిన్నంనాయుడు రాశాడు.
ఎడమ నుంచి కుడికి వరసగా రాసుకుంటూ
గోడ దగ్గర కూడా ఆగలేదు వాడు:
దాలమ్మ, బోని నుకరత్నం, ఎర్రయ్యమ్మ.
ఎప్పట్లాగే
దీర్ఘం లేదు.