తరుగు

పగలంతా మురకంబట్టు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో
తీపి కొలుస్తాను.
గాజుపలక మీద ఒక చుక్క రసం,
కంటికి ఆనించుకుంటే ఒక అంకె.
రాత్రి పదింటికి, పిల్లలు పడుకున్నాక,
గ్రీమ్స్‌పేట మేడమీద గదిలో
ఎవరూ అడగని పని.

మామిడి మండీలకు తూకం చీటీ వేసే చిన్న ప్రోగ్రాము.
ఊరకే ఇచ్చేశాను లోకానికి:
తీసుకో, వాడుకో, విప్పి చూడు, మార్చుకో.
విప్పి చూడు అన్నానే గానీ
నిజంగా ఒకరు విప్పుతారనుకోలేదు.

లోపల ఏముందో నాకు తెలుసు.
ఎక్స్, పాత ఎక్స్, కొత్త పాత ఎక్స్.
ఒకే లెక్క మూడు చోట్ల, మూడు రకాలుగా.
నూట నలభయ్యో వరుస పక్కన
నేనే రాసుకున్న మాట:
"ఇది ఎందుకు పనిచేస్తుందో తెలీదు. ముట్టుకోవద్దు."

మొదటి ఉత్తరం పేరులేనివాడిది.
"ఇది కోడా, మురుగు కాలవా?"
మూడు రోజులు అన్నం సయించలేదు.
కసికొద్దీ ఒక్క వరుసా మార్చలేదు.
కాలవే అయితే కాలవే, నీ సొమ్మేం పోయింది?

రెండోది పుత్తూరు నుంచి. జ్ఞానప్రసూన.
ఎరువుల అంగడిలో లెక్కలు రాస్తుందట.
"అన్నా, మీ చీటీ మా నాయన తోపుకి బాగా పనికొచ్చింది.
ఒక్క చోట పట్టుకుంది. రెండు వందల పన్నెండో వరుస.
తోతాపురి, నలభై ఏడు క్రేట్లు, చీటీ జత చేశా.
రావాల్సింది ఇంత, వచ్చింది ఇంత.
తరుగు రెండుసార్లు పోతా ఉండాది,
క్రేటుకొకసారి, బండికొకసారి.
దిద్ది చూశా. పరీక్ష కూడా రాశా.
మీరే నడిపి చూడండి."

నడిపాను. తప్పింది.
దిద్ది నడిపాను. నిలబడింది.
అది నిలబడేసరికి నేను కూర్చుండిపోయాను.
ఎన్ని బండ్లు పోయుంటాయి ఈ వరుస మీదుగా.

మిట్టూరులో మా టైలరు చెంగల్రాయులు గుర్తొచ్చాడు.
చొక్కా బిగుతైతే చింపడు, లావెక్కినావు అని నవ్వడు.
సుద్దముక్కతో సన్నగా ఒక గీత గీసి
"ఈడ అరంగుళం వదలాల" అంటాడు.
గీత ఒక్క ఉతుకుతో పోతుంది. కుట్టు ఉంటుంది.

తర్వాత రెండేళ్ళు
ఒక మార్పుకు ఒక మూట,
మూట మీద ఎందుకో చెప్పే ఒక వాక్యం.
కాణిపాకంలో ప్రమాణాలక్కర్లేదు మాకు:
ఎవరు ఏ రాత్రి ఏ వరుస చెడగొట్టారో
చరిత్రలో పొల్లుపోకుండా ఉంటుంది,
ఎక్కువగా నా పేరు మీదే.

అన్నిటికీ తలూపాననుకోవద్దు.
"తరుగు" అనే పేరు దగ్గర ఇద్దరం మొండికేశాం.
కోత అని మార్చుదాం అంటుంది.
"కూరగాయలు తరగడం అనుకుంటారన్నా కొత్తోళ్ళు."
మండీలో రైతు నోట నలిగిన మాట, మార్చను అంటాను.
కోతంటే మాత్రం? వరి కోత లేదా, కరెంటు కోత లేదా?
ఆ చర్చ ఇంకా తెరిచే ఉంది.

మొన్న కుప్పం నుంచి శరవణ అని ఒక కుర్రాడు
తొమ్మిది వందల వరుసలు ఒకే మూటలో పంపాడు.
"ఇది కోడా" అని కొట్టేసింది నా చెయ్యి.
చెరిపి, సుద్దముక్క ఎక్కడ పెట్టానా అని
వెతుక్కోవడానికి అర్ధగంట పట్టింది.
"తమ్ముడూ, ముప్పయ్యో వరుసలో నీ ఆలోచన నాకు తట్టలేదు.
మూడు ముక్కలుగా పంపగలవా?
మొదటి ముక్క నేను విడదీశా, చూడు."
ఇంతవరకు జవాబు లేదు.
పరీక్షలేమో. నొచ్చుకున్నాడేమో.

జూన్ చివర. బెంగళూరు రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు.
తూకం దిగిన ఒకాయన చీటీ నాలుగు మడతలు పెట్టి
చొక్కా జేబులో తోసుకున్నాడు.
పోకుండా మిగిలిన పదకొండు కేజీల సంగతి
ఆయనకు తెలీదు, తెలియాల్సిన పనీ లేదు.

ఇంటికొచ్చి నూట నలభయ్యో వరుస తెరిచాను.
ముట్టుకోవద్దు, అంటోంది నా మాటే.
పుత్తూరుకు ఒక ఉత్తరం రాసి పెట్టుకుని
ముట్టుకున్నాను.