పూచీ

"ఎవరికైనా అన్నం పెట్టు, పూచీ మాత్రం పడకు"
అనేది అమ్మ,
సూళ్లూరుపేటలో మా నాన్న సైకిలును
సొసైటీ బ్యాంకు వాళ్ళు నడిపించుకుపోయిన రోజు నుంచీ.
అప్పు తీసుకున్నది వేరే మనిషి.
నాన్న చేసిందల్లా ఒక సంతకం.
తర్వాత నాలుగేళ్ళు రైస్ మిల్లుకు నడిచే వెళ్ళాడు.
ఆ మనిషి ఎదురైతే తలూపేవాడు కూడా.

అంబత్తూరు. బ్రేక్ డ్రమ్ముల ఫ్యాక్టరీ. మేడ మీద గది.
ఏసీకి వడలు చల్లారిపోయాయి.
ఏడాదికోసారి ఇక్కడ పేర్లు చదువుతారు.
ఆ పేర్లవాళ్ళు ఒక్కరూ ఈ గదిలో ఉండరు,
కింద మిషన్ల దగ్గర ఉంటారు
చెవుల్లో దూది పెట్టుకుని.

"నైట్ షిఫ్ట్ ఇన్‌స్పెక్షన్, అంజుగం.
డిప్లొమా లేదు. తర్వాత?"
కాగితం తిప్పబోయే చప్పుడు.
ఆ చప్పుడు నాకు తెలుసు.
పంతొమ్మిదేళ్ళ కిందట నా పేరు మీద కూడా మొదలై
సగంలో ఆగిపోయింది.
ఆపిన చెయ్యి ఎవరిదో పదకొండేళ్ళు తెలియలేదు.

టూల్ రూమ్ వేదాచలం గారిది.
మైక్రోమీటరు పెట్టెలో సరిగా పెట్టలేదని తిట్టడం తప్ప
నాతో రెండు ముక్కలు మాట్లాడని మనిషి.
ఆయన రిటైరైన రోజు, భోజనాల దగ్గర,
మినిట్స్ రాసే సెల్వి చెవిలో చెప్పింది:
"ఆ పిల్ల తప్పు చేస్తే నా గ్రాట్యుటీలో కోసుకోండి అన్నారు.
ఆ ఒక్క ముక్కా రాయొద్దన్నారు."
నేను చెయ్యి కడుక్కొచ్చేలోపే
ఆకు మడిచి, బస్సెక్కి వెళ్ళిపోయాడాయన.

"ఆగండి," అన్నాను.
మార్చిలో ఒక రాత్రి, రెండు దాటాక,
ప్లగ్ గేజి పోకూడని వైపు
వెన్నలోకి వేలు దిగినట్టు దిగిపోయింది.
లారీ గేటు దగ్గరుంది, వదిలెయ్ అన్నాడు సూపర్‌వైజరు.
అంజుగం ఎర్ర ట్యాగు కట్టింది.
పొడి సంతకం కాదు,
తండ్రి పేరుతో సహా పూర్తి పేరు రాసింది.
పదకొండు వందల నలభై డ్రమ్ములు ఆగిపోయాయి.
లారీ ఖాళీగా వెళ్ళింది.
ఆ ట్యాగు ఇన్నాళ్ళూ నా సొరుగులో ఉంది. బల్ల మీద పెట్టాను.

"మీవాళ్ళా?" అన్నాడు ప్లాంట్ మేనేజరు, నవ్వుతూ.
ఆ రెండు ముక్కల్లో
ఊరు, కులం, మేనరికం అన్నీ పట్టేస్తాయి.
"కాదండీ. వాళ్ళది అరక్కోణం అవతల.
నాకు తమిళం ఇప్పటికీ కూరల బేరానికే సరిపోతుంది."
"మరెందుకు?"
"చూశాను కాబట్టి."
"తేడా వస్తే?"

సైకిలు కనపడింది.
వెనక చక్రం మీద ఎండ, వెళ్ళిపోతూ.

"నా పేరు రాసుకోండి."
సెల్వి తలెత్తి చూసింది. ఈసారి రాసింది.

ఆరు నెలలు, తాత్కాలికం. పగటి షిఫ్టు, లైన్ ఇన్‌చార్జి.
జీతంలో మార్పు ఇప్పుడే లేదట.

సాయంత్రం పట్టరవాక్కంలో లోకల్ ఎక్కితే
లేడీస్ పెట్టెలో నా పక్కనే అంజుగం.
పల్లీల పొట్లం ముందుకు చాపింది.
"అక్కా, నన్ను పగలుకి మార్చేశారు.
పొద్దున పిల్లాణ్ణి బడిలో ఎవరు దింపుతారు?
ఆ పెట్టినోళ్ళెవరో
నన్నొక మాట అడగొచ్చు కదా!"

కొరట్టూరు వచ్చింది, పోయింది.
నిజమే. గదిలో అందరికీ చెప్పాను.
ఈమెకే చెప్పలేదు.
వేదాచలం గారూ నన్ను అడగలేదు.
ఆయన దగ్గర నేర్చుకోకూడనిది కూడా నేర్చుకున్నానేమో.

"నేనే," అన్నాను.

పల్లీ వలుస్తున్న వేళ్ళు ఆగాయి.
చాలాసేపు కిటికీలోంచి చూసింది.
విల్లివాక్కంలో దిగే తోపులాట మొదలయ్యాక
పొట్టు ఒళ్ళోంచి దులుపుకుని లేచింది.

"ఆ గీతల చార్టు ఒకటి ఉంటుందే, ఆఫీసర్లకి పంపేది,
అది నాకు రాదు.
రేపు అరగంట ముందు రా."