ఏకసాలు

అప్లికేషన్‌లో పదిహేడో గడి:
మీరు తిరిగి వెళ్ళిపోతారని రుజువేమిటి?

అమలాపురం ఎర్రవంతెన దగ్గర
జిరాక్సు షాపు మీద మేడగదిలో
కన్సల్టెన్సీ వీర్రాజు కీబోర్డు మీంచి చేతులు తీసి
"పొలం కాగితాలేమైనా ఉన్నాయాండీ" అన్నాడు.
"స్థిరాస్తి కావాలండి. కదలకూడదు. వాళ్ళకదే నమ్మకం."

ఉంది, ఒక కాగితం.
మా తాత సంసోను పేర
లంకలో డెబ్బై సెంట్లు, ఏకసాలు పట్టా.
ఏడాదికోసారి శిస్తు ఆఫీసులో కట్టి
ఏడాదికోసారి గోదారిని అడగాలి
ఈసారికి ఉండనిస్తావా అని.
ఎనభయ్యారు వరదలో సగం జారిపోయింది.
మర్నాడేడు అవతలి పాయలో కొత్త ఇసక మేట వేస్తే
తాత పడవేసుకెళ్ళి, దాని మీద నిలబడి,
గుప్పెడు తీసి వాసన చూసి
"మనదే ఇది" అన్నాడంట.
రెవెన్యూ వాళ్ళకి వాసన చాలదు.

వీర్రాజు ఆ కాగితం స్కాన్ చెయ్యలేదు.
మడతల దగ్గర చిరిగిపోతుందేమో అన్నట్టు
రెండు చేతులతో తిరిగిచ్చాడు.

ఇక్కడైనా నేను స్థిరమా?
ఏరియా ఆస్పత్రిలో పదకొండు నెలలకోసారి
నన్ను తీసేసి, ఒకరోజు ఇంట్లో కూచోబెట్టి
మళ్ళీ చేర్చుకుంటారు.
ఆ ఒక్కరోజూ నేను నర్సుని కాను.
పోయినేడు సరిగ్గా ఆ రోజే
కొబ్బరి దింపుకెళ్ళిన దుర్గారావు బాబాయిని పాము కరిచింది.
తాడు కట్టొద్దని అరిచి
కాలు కదలనివ్వకుండా
ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను.
లోపల కొత్తపిల్ల వణుకుతూ సూది పట్టుకుంటే
బయట బల్ల మీద కూచున్నాను,
చీటీ రాయించుకోని రోగిలా.

మూడేళ్ళ వీసా.
అక్కడి ముసలివాళ్ళని రెండు గంటలకోసారి
పక్క మార్చి పడుకోబెట్టాలి, వీపు పుండు పడకుండా.
దానికి ఎనిమిది నెలలు వాళ్ళ భాష నేర్చాను.
ఆ భాషలో నొప్పి మగవాడు. సూది ఆడది.
క్లాసులో అందరం నవ్వాం.
మన భాషలో "వచ్చింది" అంటే
ఆవో, అక్కో, వరదో
ఎవరైనా కావచ్చని అప్పుడు తోచలేదు.

"ఎవరిదైనా కొబ్బరితోట కాగితం మీ పేర పెట్టేద్దామండి,
ఎనిమిది వేలు అదనం" అన్నాడు వీర్రాజు, గొంతు తగ్గించి.
ఆలోచించి చెప్తానన్నాను.
నిజంగానే ఆలోచించాను.

నిన్న వార్డులో ప్రేమ్‌సాగర్.
తొమ్మిదేళ్ళు, మూడు వారాలకోసారి రక్తం ఎక్కాలి.
వాడి నరం నాకే దొరుకుతుంది.
వచ్చే పిల్ల కోసం కాగితం మీద చెయ్యి గీశాను:
ఎడమ ముంజేయి, పుట్టుమచ్చకి రెండు వేళ్ళ దిగువ,
ముందు ఏదైనా కబుర్లు చెప్పాలి,
క్రికెట్టు వద్దు, ఓడిపోతే ఏడుస్తాడు.

"మూడేళ్ళంటే ఎన్ని సంచులు?" అన్నాడు.
వేళ్ళు చాలక ఫోన్లో లెక్కేశాం.
యాభై రెండు.
"అయితే యాభై మూడోది నువ్వే గుచ్చాలి."
సరే అన్నాను.
ఆ "సరే"ని ఏ గడిలో రాయాలో
వీర్రాజుని అడగలేదు.

సాయంత్రం పంటు ఎక్కాను.
ఫైలు తడవకుండా కొంగు కింద పెట్టుకున్నాను.
నీరు తీస్తోంది.
పాయ నడుమ కొత్త మేటొకటి
గేదె వెన్నులా తేలింది,
ఇంకా ఏ పేరా లేదు దానికి.
అప్పుడే ఎవరో వచ్చి
రెండు వెదురుగడలు పాతి పోయారు.