ముప్పావు అంగుళం

దేచమ్మ నన్ను కొలిచిన రోజు వాన.
క్లాసురూములో ట్యూబులైటు ఒకటి కొట్టుకుంటోంది.
చేతులు చాపమంది, చాపాను.
ఊపిరి బిగబట్టొద్దంది,
అదొక్కటే చేతకాలేదు.

పద్దెనిమిదేళ్ళు పీణ్యలో
ఎవరెవరి మెడలకో కాలర్లు కుట్టినదాన్ని,
నా మెడ చుట్టుకొలత నాకు తెలీదు.
పదమూడున్నర అంట.
నడుము చెప్పను.

ఎడమ భుజం దగ్గర టేపు ఆగింది.
మళ్ళీ కొలిచింది. మళ్ళీ.
"అక్కా, ఈ పక్క ముప్పావు అంగుళం దిగింది" అంది,
తప్పు పట్టినట్టు కాదు,
దారిలో రూపాయి దొరికినట్టు.

దిగక ఏం చేస్తుంది?
కోసిన ముక్కల కట్టలు
కటింగు టేబులు నుంచి మూడో లైనుకి
పూటకి ఇరవైసార్లు మోసింది అదే.
బస్సులో కమ్మీ పట్టుకునేది కుడిచెయ్యి కాబట్టి
టిఫిను, గొడుగు, బియ్యం సంచీ దీనికే.
చంటిదాన్ని మాత్రం కుడివైపే ఎత్తుకున్నా.
ఎందుకట్లానో ఇప్పుడు గుర్తులేదు.

కంపెనీకి తాళం పడ్డాక
ఈ కాలేజీలో కాజాలు కుడుతున్నా.
ఇక్కడ కొన్న బొమ్మలన్నీ ఒకే కడుపున పుట్టినట్టుంటాయి,
భుజాలు రసమట్టం పెట్టి నిలబెట్టినట్టు.
దేచమ్మ తనది తానే చేసుకుంది.
దూది కూరింది, కోరాగుడ్డ చుట్టింది,
నావైపు ఒకసారి చూసి
పొట్ట దగ్గర ఇంకో పిడికెడు కూరింది.
నవ్వొచ్చింది. రోంత కోపమూ వచ్చింది.

ఎగ్జిబిషన్ రోజు హాలంతా తెల్లలైట్లు.
తల లేకుండా నడిమధ్యన నిలబడ్డా,
ఒంటిమీద నీలిమందు కోటు.
గోడవార కూడా నేనే,
ఎక్కడైనా కుట్టు జారితే వెయ్యడానికి
సూదులపెట్టె పట్టుకుని.

ముంబై నుంచి వచ్చినాయన మైకు తీసుకుని
ఆ భుజం చుట్టూనే అరగంట మాట్లాడాడు.
ధైర్యం అన్నాడు. జపాను పేరు రెండుసార్లు వచ్చింది.
సరితూకం మీద తిరుగుబాటు అన్నాడు.
నేను తిరగబడింది ఒక్కసారే,
ఓవర్‌టైము డబ్బుల కోసం,
అదీ మధ్యాన్నం దాకానే.

దేచమ్మ లేచి
"అది మా ఓబుళక్క భుజం సార్" అంది.
హాలు హాలంతా ఇటు తిరిగింది.
కొంగు సర్దుకున్నా. అది ఉండేదీ ఆ భుజం మీదే.
రెంటినీ సమంగా నిలబెట్టాలని చూశా,
రేషను కార్డు ఫోటోకి నిలబడ్డట్టు.
కుదర్లేదు.

"బ్యూటిఫుల్" అన్నాడాయన.
నన్నో, బొమ్మనో.

శనివారం అన్నీ విప్పేశారు.
కోటు పెట్టెలోకి పోయింది.
బొమ్మని కింద స్టోరురూముకి చేర్చాలి.
కుర్రాళ్ళు లిఫ్టు దగ్గర తోపుడుబండి కోసం వెతుకుతుంటే
నేనే ఎత్తి భుజాన వేసుకున్నా.
ఏ భుజమో వేరే చెప్పాలా.

ఇంత తేలికా నేను, అనుకున్నా మెట్లు దిగుతూ.
రెండో అంతస్తు మలుపులో
ఎవరో తీయడం మరిచిన గుండుసూది
చెంపన గుచ్చుకుంది.

"ఉండవే" అన్నా దానితో,
"వచ్చేశాం."