కొలతల పుస్తకం

రాపూరు బస్టాండు ఎదురుగా మా కుట్టుమిషను.
కత్తిరించేది నాయన,
కొలతలు తీసేది మాత్రం అమ్మ.
"సిస్టర్లు వాళ్లు, ఆ టేపు ఇటియ్యి" అన్నదంట
మొదటి రోజునే.

ఆ రోజు పేజీలో మూడే పేర్లు.
ఇన్నాసమ్మ, జపమాల, సవరమ్మ.
ముగ్గురూ సైదాపురం గనుల్లో
కాకిబంగారం రేకులు చీల్చినోళ్లే.
గోళ్ల సందుల్లో ఇంకా తళతళ.
భుజం పదమూడు, చెయ్యి పదహారు,
ఛాతీ దగ్గర అంకె వణికింది:
ఇన్నాసమ్మ దగ్గు ఆగేదాకా
టేపు పట్టుకుని నిలబడే ఉన్నదంట అమ్మ.

గుడ్డ ఏదంటే, పాలపొడి సంచులు.
ఎన్ని ఉడుకులు పెట్టినా నీలం అక్షరాలు పోలా.
నాయన వాటిని లోపలికి తిప్పి కుట్టాడు.
ఎండలో నిలబడితే మటుకు
ఆ తల్లి వీపు మీద ఏదో దేశం పేరు
అద్దంలో మాదిరి తిరగబడి కనిపించేది.

కొండ కింద రేకుల షెడ్డు,
గనిలో పోయినోళ్ల పిల్లలు పదకొండుమంది,
ఒక సంగటి కుండ.
మఠం అంటే అప్పుడు అంతే.
ఇన్నాసమ్మకు రాయడం రాదు.
"రాత్రిపూట ఎవురన్నా తలుపు కొడితే
ముందు తలుపు తియ్యండి,
జపం తర్వాత ముగించుకోవచ్చు."
ఆమె పెట్టిన నియమం ఇదొక్కటే.
నెల్లూరు నుంచి వచ్చిన ఫాదరు దాన్ని
లాటిన్లో నలభై పేజీలు చేశాడు.
అందులో తలుపు యాడుందో
నాకెవురూ చూపించలా.

పేజీలు తిప్పితే ఊళ్లు వస్తాయి.
కలిగిరి ఆరు, ఉదయగిరి నాలుగు,
పొదిలిలో ఆసుపత్రి పెట్టినప్పుడు తొమ్మిది.
తుఫాను ఏడాది పన్నెండు జతలు, అప్పు.
ఆ అప్పు పక్కన టిక్కు ఈ రోజుకీ లేదు.

ఒక పేజీలో ఒక పేరు కొట్టేసి ఉంది.
రెండేళ్ల తర్వాత ఆమే వచ్చి
ఎర్ర రవిక కుట్టమంది.
అమ్మ ఏమీ అడగలా.
పాత కొలత తీసి, నడుం దగ్గర
అరంగుళం పెంచింది.

తర్వాత్తర్వాత నా చేతిరాత.
నా నోటికి తిరగని పేర్లు,
రాంచీ అవతలి పిల్లలు, అస్సాం పిల్లలు,
తెలుగులో "అక్కా, బిగుతు" అనడం ఒకటే నేర్చుకుని.
టాంజానియాకు ముప్పై, పొట్టి చేతులు.
"ఆడ ఎండలెక్కువంట."
"రాపూరు కన్నానా?" అని నవ్వాడు నాయన,
అప్పటికే సూదిలో దారం నేనే ఎక్కించాల.

మధ్య మధ్యలో ఇన్నాసమ్మ.
భుజం పన్నెండున్నర.
భుజం పన్నెండు.
చివరిసారి నేనే పోయినాను మఠానికి, టేపుతో.
మంచం మీద కూర్చోబెట్టి చుట్టూ తిప్పితే
టేపు కొస నా చేతిలో ఎంతో మిగిలిపోయింది.
"గుడ్డ మిగిలితే పారేయబాక,
చంటోళ్లకు టోపీలు కుట్టు" అంది.
ఏడు టోపీలొచ్చినాయి.

మొన్న ఇద్దరు సిస్టర్లు వచ్చారు, కారులో.
గాజుపెట్టెలో పెట్టాలంట, మొదటి అంగీ ఏదన్నారు.
అది ఏనాడో ఉయ్యాలైంది,
షెడ్డు గుమ్మంలో ఎవురో వదిలిపోయిన పిల్లకు.
ఆ తర్వాత పొయ్యి మసిగుడ్డ.
పోనీ ఈ పుస్తకమన్నా ఇమ్మన్నారు.
పన్నెండు జతల అప్పుంది, ఇవ్వనన్నాను.
పెద్ద సిస్టరు పడీ పడీ నవ్వింది.

చిన్న పిల్ల నవ్వలేదు.
కొత్తగా చేరిందంట, కనిగిరి వైపు నుంచి,
చెప్పులు గడప బయటే విడిచి
ఎక్కడ నిలబడాలో తెలియక నిలబడింది.
రా అమ్మా, వెలుతురులోకి రా.
ఊపిరి బిగపట్టబాక.
మామూలుగా పీల్చు, అప్పుడు కొలుస్తా.