ముప్పై రెండున్నర

ఔలిస్ లారీ ఇవాళ
ఇరవైకి మించి పోనని మొండికేసింది.
సారిసెల్కా నుంచి మా షెడ్డుకి నలభై కిలోమీటర్లు,
రెండు గంటలు.
వెనక దుంగల బరువు,
ముందు ఆరని పసుపు దీపం.
రెండు రెయిన్‌డీర్లు కాసేపు పక్కనే నడిచి
విసుగొచ్చి అడవిలోకి మళ్లాయట.

పగలు పన్నెండు.
సూర్యుడు నెల మొదట్లోనే సెలవు పెట్టాడు.
నీలిమందు ఎక్కువైన పంచెలా ఆకాశం.
సున్నాకి కింద ఇరవై ఏడు.

"సెన్సారే," అన్నాడు దిగుతూనే.
అందరూ దిగుతూనే అనే మాట.
ఆ మాట నమ్మి పీకేసిన మంచి సెన్సార్లు
నా సొరుగులో పదకొండున్నాయి,
తప్పు చేయకుండానే ఉద్యోగం పోయినవాళ్లలా.

సరే, వెతుకుదాం.
కంప్యూటర్ తగిలించే ముందు వాసన చూడమనేవాడు
నాకు పని నేర్పిన ఓయ్వా.
చూశాను. లేత అమ్మోనియా,
పసిపిల్లల ఇంట్లో పక్కబట్టల వాసన.

పొగగొట్టానికి రెండు ముక్కులు.
ఒకటి మందు పడకముందు పొగని పీలుస్తుంది,
ఒకటి పడ్డాక.
ముందుదాన్ని చూడాలంటే క్యాబ్ ఎత్తాలి,
వెనకదానికి నేను వెల్లకిలా పడుకోవాలి.
మంచు కరిగి మెడలోకి కారుతుంటే
రెండూ బాగానే ఉన్నాయని తేలింది.

పంపులో ఒత్తిడి చూసేది: బాగుంది.
వైరు మొదట్లో తెల్లటి పొరక, ఉప్పులాంటిది, ఉప్పు కాదు;
గోటితో గీకితే రాలింది. దాని తప్పేం లేదు.

ఇక మిగిలింది ట్యాంకు.
ఎడమవైపు, మెట్టు వెనక, నీలం మూత కింద.
ఒకే కాడకి మూడు పనులు:
ఎంతుందో చూడ్డం, ఎంత చల్లగా ఉందో చూడ్డం,
మూడోది, అన్నిటికన్నా చిన్నది,
మనకి వినపడని చప్పుడుతో ద్రవాన్ని తట్టి
ఇది అదేనా అని అడగడం.

ముప్పై రెండున్నర పాళ్లు యూరియా ఉండాలి.
పందొమ్మిది అంటోంది.

యంత్రం మాట ఒక్కటే వినకూడదని
గాజుపలక మీద ఒక చుక్క వేసి దీపం వైపు పట్టాను.
నీలిగీత పందొమ్మిది దగ్గరే ఆగింది.
ఇంకో చుక్క. పందొమ్మిదే.

పాలల్లో నీళ్లు.

కాడ చివర జల్లెడలో ఏదో ఇరుక్కుంది.
పట్టకారుతో లాగాను:
స్ప్రూస్ ఆకు ఒకటి, సూదంత, ఇంకా పచ్చగా.

ఔలిస్ పొయ్యి దగ్గర కాఫీ కప్పు తిప్పుతున్నాడు,
తాగడం లేదు.
ఆకుని బల్ల మీద పెట్టాను. ఏమీ అడగలేదు.
మా వైపు అడగకపోవడమే గట్టిగా అడగడం.

చాలాసేపటికి అన్నాడు:
"కొండ మీద ట్యాంకు అయిపోయింది.
అయిపోతే మళ్లీ స్టార్ట్ అవదు కదా.
ఫోను పలకలేదు.
కెటిల్లో మంచు కాచి పోశాను,
ఏడు కెటిల్లు."

ఆ రాత్రి చలి ముప్పై ఐదని నాకు గుర్తుంది.

ట్యాంకు దింపి, కడిగి, కొత్తది నింపాను.
దీపం ఆరింది.
ఇప్పుడు బిల్లు. అది వెళ్లేది అతనికి కాదు, కంపెనీకి.
అక్కడ యాజమాని ఉల్లా-మైయా ప్రతి వరుసా వేలుపెట్టి చదువుతుంది.

రెండు గంటలు ఒక చిన్న లోహపుకాడ
నిజాయితీని మెచ్చుకుంటూ గడిపిన చేత్తోనే
"సెన్సారు లోపం, సరిచేశాం" అని రాశాను.
పెన్ను చలికి మొదట పలకలేదు.
ఊది మళ్లీ రాశాను.

ఔలిస్ అది చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.
థాంక్స్ చెప్పలేదు, కాఫీ మాత్రం పూర్తిగా తాగాడు.
లారీ ఎనభైలో పోయింది.

బయట బకెట్లో దింపిన నీళ్లు
నేను షెడ్డు మూసేలోపే గడ్డకట్టాయి.
ఆకుని సొరుగులో వేశాను,
ఆ పదకొండింటి పక్కన.