మొలతాడున్నోనికి బెల్టు

కాజీపేట యార్డుల రాత్రి డ్యూటీ మీదున్నప్పుడు
నా నడుముకున్న బెల్టు తెగింది.
అట్ట. లోపలంత అట్టనే.
పైన తోలు రంగు పూసిన మూడొందల యాభై రూపాయల అబద్ధం.
ఒక చేత ప్యాంటు, ఒక చేత లాంతరు పట్టుకొని
బొగ్గుబండికి పచ్చదీపం చూపిన.

అట్ల మొదలైంది.

వరంగల్ చౌరస్త పక్క సందుల ఒక ఆరె కొన్న.
ఒక్క ఆరెతోనే అయిపోతదనుకున్న.
ఆరె సూదిని అడిగింది,
సూది దారాన్ని, దారం మైనాన్ని,
మైనం నా జీతం దిక్కు చూసింది.
ఇప్పుడు మంచం కింద రేకుపెట్టెల
బొక్కలు కొట్టే ఉలులే తొమ్మిది.
నువ్వుగింజంతది, జొన్నగింజంతది, కందిగింజంతది...
ఒకటైతే దేనికి పనికొస్తదో నాకే తెల్వది,
పిడి నచ్చి తెచ్చుకున్న.
డ్యూటీ దిగినంక నిద్ర రాకపోతే
వాటిని బట్టతోటి తుడుస్త,
తుడిచినవే మళ్ల తుడుస్త.

చపాతీ పీట మీద పట్టీ కోసిన నాడు
సుగుణ ఏం మాట్లాడలే.
పీటనే మాట్లాడింది,
నా చెవి పక్క నుంచి పోయి గోడకు తాకి.
"మనమెవలం, ఆ పనేంది" అన్నది అమ్మ.
జవాబు దొరకలే.
చేతిల ఉన్న ఆరె
బొటనవేలి బలం అడిగింది గని
ఇంటిపేరు అడుగలే.

రైల్వే దవాఖాన గోడకు ఆనుకొని,
చినిగిన గొడుగు కింద చుక్కయ్య.
నా మొదటి బెల్టు చేతికిస్తే
రెండు కొసలు పట్టి గుంజిండు.
"పొట్టతోలు కోసినవు సారూ, సాగుతది.
ఆరునెల్లు పోతే ఇద్దరికి సరిపోతది.
వెన్ను పట్టుకో.
బర్రెకైనా మనిషికైనా
బరువు మోసేది గదే."

తంగేడు చెక్క దంచిన చేతులు వాళ్ల నాయినవి.
లందల తోలు నానినన్ని దినాలు
ఊరు ముక్కు మూసుకొని నడిచిందట,
ఆయన కుట్టిన చెప్పులేసుకొనే.
చిల్లర లెక్కవెట్టినట్టు చెప్పిండు ఈ ముచ్చట,
కోపం లేకుంట, ఒక్క పైస విడువకుంట.
"మనుమడు పాలిటెక్నిక్ చదువుతుండు.
వాని చేతికి ఆరె ఇయ్య.
నీకిస్త. నీకు సరదా గద."

సరదా.
వేలుల ఆరె దిగినట్టు దిగింది ఆ మాట.
వేలు నోట్లె పెట్టుకున్న. ఉప్పగున్నది.

ఆ తర్వాత నలభై రెండు రాత్రులు
ఒక్క బెల్టు మీదనే కూసున్న.
వెన్నుతోలు. పెంబర్తి ఇత్తడి బక్కిల్.
అంచులకు చింతగింజల జిగురు రాసి
సీసా మెడతోటి రుద్ది రుద్ది,
దీపం కింద పెడితే అంచు
వానల తడిసిన పట్టా లెక్క మెరిసింది.
అంగుళానికి ఎనిమిది కుట్లు.
బక్కిల్ పక్కన ఏడో కుట్టు కొంచెం వంకర,
ఎవలకు కానరాదనుకున్న.

చుక్కయ్య లుంగీ అంచు దించి చూపిండు:
"మొలతాడున్నోనికి బెల్టేంది సారూ!"
నవ్వి నవ్వి దగ్గొచ్చింది ఆయనకు.
అయినా తీసుకున్నడు.
వాసన చూసిండు, వంచిండు,
గోరుతోటి కుట్ల మీద నడిచిండు.
ఏడో కాడ గోరు ఆగింది.
ఏమనలే.

ఇరువై దినాలకు, తెగని చెప్పు తెగిందని వంక పెట్టుకొని పోయిన.
దవాఖాన గోడకు ఒక ఇనుప మొల.
మొలకు నా బక్కిల్.
రెండో కొస ఎడమచేత బిగబట్టి
చుక్కయ్య దాని మీద రంపె నూరుతున్నడు,
కిందికి, మీదికి, కిందికి.
నా నలభై రెండు రాత్రులు నల్లగయితున్నయి.

"మంచి తోలు" అన్నడు తల ఎత్తకుంటనే.
"పదును నిలుస్తాంది."

అంతల మొల వదులై గోడల నుంచి ఊడొచ్చింది.
బక్కిల్ నా దిక్కు ఇసిరిండు.
"చూస్తవేంది? పట్టు."

పట్టుకున్న.
ఆయన రంపె తిప్పి పెట్టి గుంజిండు.
ఇద్దరి నడుమ బెల్టు బిగిసింది.
వెన్నుతోలే.
సాగలే.